పదకొండు రోజుల కవరు

మగవాళ్లంతా యుద్ధానికి వెళ్లాక, ట్రాక్టరు నడపడం వచ్చిన మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే మిగిలింది. చేను గట్టున నిలబడ్డ, ఊళ్లో టపా పంచే వరసకు అత్త సంచిలో తన పేరున్న సైన్యం కవరు కనబడితే, ఇంజను ఆపి, దాన్ని లాక్కుని చింపి చదివింది.

"ఎప్పుడొచ్చింది?"

"పదకొండు రోజులైంది."

"మా ఆయన పోయాడన్న కబురు నీ భుజాన వేలాడుతుంటే, నేను నవ్వుకుంటూ నీ చేను దున్నానా?"

"చెబితే నువ్వు కూలబడేదానివి. అదను దాటితే ఊరంతా పస్తే కదమ్మా."

"ఊరి కడుపు నిండాలని నా ఏడుపు నువ్వు దాచిపెడతావా? నీ సొమ్మా అది?"

"తిట్టు. పడతాను."

"నువ్వు పడితే నాకేం ఒరుగుతుంది? ఇంకెవరివి దాచావు?"

అత్త సంచి మూతి బిగించి పట్టుకుంది.

"ఇద్దరివి."

"ఇప్పుడే పోయి ఇచ్చిరా. మిగిలిన నాలుగు చేలూ నేను దున్నుతాను. ఏడుస్తూ కూడా దున్నగలనత్తా. అడిగుంటే చెప్పేదాన్ని."