వంకర కుచ్చిళ్ళు

కాన్వెంట్ స్కూల్లో టెన్త్ వాళ్ళ ఫేర్‌వెల్. అమ్మాయిలంతా చీరల్లో గ్రూప్ ఫొటోకి నిలబడ్డారు. మెర్సీ కనపడక దుర్గ వెతుక్కుంటూ వెనక వరండాలోకి వచ్చింది.

“ఇక్కడున్నావేంటే? సిస్టర్ పిలుస్తున్నారు.”

“అమ్మకి ఫొటో పంపాను దుర్గా. ఇంకా చూడలేదు.”

“ఆంటీ పనిలో ఉంటారేమోనే.”

“సైరన్ మోగుతోందని నిన్న మాట మధ్యలో ఫోన్ పెట్టేసింది. కువైట్‌లో మళ్ళీ బాంబులేశారంట.”

దుర్గ మెర్సీ చెయ్యి పట్టుకుంది.

“రావే. మళ్ళీ అందరం ఎప్పుడు కలుస్తామో!”

“ఇది అమ్మ చీర. అమ్మ ఎలా ఉందో తెలీకుండా, ఇది కట్టుకుని నవ్వమంటావా?”

“సరే, నవ్వద్దులే. నేనూ ఇక్కడే ఉంటాను.”

“నీ ఫొటో పోతుందే.”

“పోనీ.”

అంతలో ఫోన్ టింగుమంది.

“నువ్వు చూడవే. నాకు భయంగా ఉంది.”

దుర్గ పైకి చదివింది.

“‘కంగారుపడకమ్మా, బానే ఉన్నాను. అందర్నీ సెల్లార్‌లోకి దింపేశారు, ఇప్పటిదాకా సిగ్నల్ లేదు. చీర నీకు బాగుంది గానీ, ఆ కుచ్చిళ్ళు అంత వంకరగా ఎవరు పెట్టారే?’”

మెర్సీ ఏడుస్తూనే నవ్వేసింది. దుర్గ గబగబా కింద కూర్చుని కుచ్చిళ్ళు సర్దడం మొదలెట్టింది.

“నేనే పెట్టానని మాత్రం చెప్పకే తల్లీ!”