వేడి బానెట్టు మీద టీ గ్లాసులు

రండర్రా, ఇటు రండి. ఆ గోడ వారగా నిలబడి వింటే సగం మాటలు గాలికి పోతాయి. బడి సంచులు కింద పెట్టి ముందుకొచ్చి కూర్చోండి. కాళ్ళు ముడుచుకోండి, వెనకొచ్చేవాళ్ళకీ చోటుండాలి కదా. కూర్చున్నారా? సరే. ఇవాళ ఒక కారు కథ చెబుతాను. కారంటే కొత్తది, నిగనిగలాడేది అనుకునేరు. అదొక ముసలి కారు. తలుపు వేస్తే కిటికీ అద్దం దిగిపోయేది, అద్దం ఎక్కిస్తే తలుపు తెరుచుకునేది.

దాని యజమానిని అందరూ మైలేజీ మావయ్య అనేవాళ్ళు. ఒకప్పుడు ఏదో కంపెనీలో బండి తోలేవాడు. ఆ పని పోయాక ఆయనకి మిగిలినవి రెండు: ఈ కారు, నోట్లో నాలుక. రెండింట్లో నాలుకే ఎక్కువ దూరం తిరిగేది.

మావయ్య భార్య, అంటే మన అత్తయ్య, ఆసుపత్రిలో బట్టలుతికే గదిలో పనిచేసేది. పొద్దున్నుంచీ పెద్ద పెద్ద యంత్రాల్లోంచి తడి దుప్పట్లు లాగాలి, ఆరాక ఇస్త్రీ పెట్టాలి, అంచుకి అంచు కలిపి మడవాలి. మంచం మీద మనిషి మారితే దుప్పటి మారాల్సిందే, ఆసుపత్రిలో మనుషులు మారుతూనే ఉంటారు. సాయంత్రానికి ఆమె నడుము ఆమె మాట వినేది కాదు. చెవుల్లో ఆ యంత్రాల హోరు, బయటికొచ్చాక కూడా గుయ్యిమంటూనే ఉండేది. ఈ హోరు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ పొద్దున పనికి బయల్దేరుతూ అత్తయ్య ఒక మాట అనేసింది.

"చూడండీ, ఈ బండి ఇంట్లో మనుషులందరికన్నా ఎక్కువ తాగుతోంది. నిన్న పోసిన పెట్రోలు ఇవాళ లేదు. అదెక్కడికి పోతోందో సాయంత్రంలోగా చెప్పండి. చెప్పలేకపోతే రేప్పొద్దున పాతసామాన్లాయన వస్తాడు, తూకానికి ఇచ్చేద్దాం. నేను బస్సులో పోతాను."

బస్సంటే రెండు మారాలి, రెండింట్లోనూ నిలబడాలి. అది ఆమెకి తెలియనిదా? బండి పోవాలని ఆమెకీ లేదు. కానీ అలసిపోయిన మనిషికి ఒక్కోసారి, రోజూ అదే గొడవ పడటం కన్నా నిలబడి పోవడమే తేలికనిపిస్తుంది.

సాయంత్రం అయింది. చలికాలం. పని దిగి అత్తయ్య ఆసుపత్రి గేటు దాటేసరికి ఎదురుగా టీకొట్టు ముందు రోజూ ఉండే దృశ్యమే ఉంది. కారు కొట్టుకి ఆనుకుని ఆగి ఉంది. బానెట్టు మీద టీ గ్లాసులు వరసగా, సన్నగా వణుకుతూ ఉన్నాయి. చుట్టూ గేటు దగ్గర వాచ్‌మన్ తాత, ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆయన, కొట్టు నడిపే పిన్ని. మధ్యలో చేతులూపుతూ మావయ్య. కథ అప్పుడే మొదలైనట్టుంది.

"రా రా, సమయానికొచ్చావ్!" అన్నాడు మావయ్య భార్యని చూసి. "రోగం దొరికిందే! అదే వీళ్ళకి చెబుతున్నా."

"ఇంటికెళ్తూ చెప్పొచ్చుగా," అంది అత్తయ్య.

"ఇంత పెద్ద సంగతి దారిలో చెప్పేదా? ఒక్క గ్లాసు టీ తాగు, అయిపోతుంది."

ఆ 'అయిపోతుంది' ఎంతసేపో ఆమెకి తెలుసు. వాదించే ఓపిక లేదు. టీ అందుకుని, రోజూ చేసినట్టే వెనక్కి జరిగి బానెట్టుకి నడుం ఆనించి నిలబడింది. హమ్మయ్య! రోజంతా అయ్యాక ఆ ఒక్క నిమిషం హాయిగా ఉండేది ఆమెకి.

"ముందు టైర్లు చూశాను," అన్నాడు మావయ్య. "గాలి తక్కువుంటే బండి నేలకి అతుక్కుని ఈడ్చుకుంటూ పోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నాలుగింట్లోనూ గాలి కొట్టించాను."

ఇది నిజమే. ఆయన మాటల్ని అత్తయ్య దుప్పటి మడిచినట్టు మనసులోనే మడిచేది. అంచుకి అంచు కలిపితే ఎంతవరకు నిజమో, ఎక్కణ్ణించి మిగిలిపోతోందో తెలిసిపోయేది. టైర్ల వరకు అంచులు కలిశాయి.

"గాలి కొట్టించానా, అయినా తాగుతోంది. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ విప్పాను. ఇంజను ఊపిరి పీల్చేది దాన్లోంచే కదా, అది మూసుకుపోతే ఊపిరాడక పెట్రోలు లాగేస్తుంది. విప్పి అలా దులిపాను చూడండి, బకెట్టెడు దుమ్ము!"

"మొన్న చెంబుడన్నావు," అన్నాడు వాచ్‌మన్ తాత.

"మొన్న పైపైన దులిపాను తాతా. ఇవాళ లోపల్దాకా దులిపాను. బకెట్టు నిండింది, తొట్టి నిండింది, వాకిట్లో పోస్తే దిబ్బయింది. పక్కింటాయన గోడ కట్టుకుంటున్నాడా, పునాదిలోకి మట్టి చాల్లేదని చూస్తున్నాడా, మొత్తం ఎత్తుకుపోయాడు. ఇవాళ ఆ గోడ నిలబడిందంటే నా ఫిల్టర్ మీదే నిలబడింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదు, కానీ చెప్తావుగా," అంది టీకొట్టు పిన్ని, పాలగిన్నె కింద మంట తగ్గిస్తూ.

"ఆ తర్వాత చక్రాలు. బండి నడిపి దిగి చెయ్యి పెట్టి చూస్తే మూడు చల్లగా ఉన్నాయి, వెనక ఎడమది మండిపోతోంది. అంటే ఏంటి? బ్రేకు పట్టేసింది! మనం కాలు తీసినా అది వదలట్లేదు. ఒకపక్క ఇంజను లాగుతోంటే ఇంకోపక్క బ్రేకు ఆపుతోంది. విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, జాకీ మీద లేపి, ఇదిగో, ఈ చిటికెన వేలితో ఒక్కటంటే ఒక్క తోపు తోశాను."

అత్తయ్య కళ్ళు మూసుకుంది. ఇదీ నిజమే. ఆదివారం ఆయన పాత దుప్పటి పరుచుకుని బండి కింద పడుకోవడం ఆమె చూసింది. మోచేయి గీసుకుంటే పసుపు పెట్టింది కూడా ఆమే. పాపం, పని మాత్రం వంక లేకుండా చేస్తాడు మనిషి. చేసిన పని చేసినట్టు చెబితే ఎంత బావుండును అనుకుంది.

"తోశానా! చక్రం తిరుగుతోంది. సరే ఆగుతుందిలే అని లోపలికెళ్ళి స్నానం చేశాను, తిరుగుతోంది. అన్నం తిన్నాను, తిరుగుతోంది. కాస్త కునుకు తీసి లేచాను, ఇంకా తిరుగుతోందయ్యా! ఆ గాలికి ఎదురింటి వాళ్ళ తీగ మీద బట్టలన్నీ ఆరిపోయాయి. వాళ్ళావిడ వచ్చి, అన్నయ్యగారూ, రేపు కూడా కాస్త తిప్పుతారా, దుప్పట్లున్నాయి అని అడిగింది."

"అలాంటి చక్రం మా గదిలో ఒకటి పెట్టిస్తే బావుండు," అంది అత్తయ్య కళ్ళు తెరవకుండానే. అందరూ నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు కానీ ఆగలేదు. వేగం అందుకున్న బండి మరి.

"ఆఖరికి, ఇంజనులో నిప్పు రాజేసే ప్లగ్గులు. నల్లగా మసిబారి ఉన్నాయి. గీకి, రుద్ది, మెరిసేట్టు చేసి బిగించాను. ఇక చూడు! బండి తీస్తే పెట్రోలు ముల్లు కదల్లేదు. ఊరంతా తిరిగాను, కదల్లేదు. ఆసుపత్రి గుట్ట ఎక్కాను, కదల్లేదు. గుట్ట దిగుతోంటే, నమ్ముతారో నమ్మరో, ముల్లు పైకి లేవడం మొదలెట్టింది!"

"పైకా?" అన్నాడు ఎక్స్‌రే ఆయన.

"పైకే అల్లుడూ! ఇంజను తాగింది చాలని మిగిలింది వెనక్కి ఇచ్చేస్తోంది. ముల్లు పూర్తిగా నిండిన చోటు దాటి, గాజు పగలగొట్టుకుని బయటికొచ్చేట్టుంది. వెనక టాంకీ మూత టప్పున ఎగిరి పడింది. ఇక లాభం లేదని నేరుగా బంకుకి పోయాను. ఎంత పొయ్యమంటారని అడిగాడు వాడు. పోయించుకోడానికి కాదు నాయనా, కాస్త తీసుకుంటావేమోనని వచ్చానన్నా."

"మరి నిన్న పొద్దున డబ్బా పట్టుకుని బంకు వైపు నడిచి వెళ్తూ కనబడ్డావేం మావయ్యా?" అన్నాడు ఎక్స్‌రే ఆయన.

మామూలు మనిషైతే అక్కడ ఆగిపోయేవాడు. మావయ్య గుక్క కూడా తిప్పుకోలేదు.

"అదీ పొయ్యడానికేనయ్యా! బంకువాడు అరువడిగాడు, డబ్బాలో తీసుకెళ్ళి ఇచ్చొచ్చాను. ఇప్పుడు నా ఇంజను తాగడమే మానేసింది. తాగితే కదా వేడెక్కడానికి! ఎంత దూరం పోయినా, ఎంతసేపున్నా, ముట్టుకుంటే నీళ్ళ కుండలా చల్లగా ఉంటుంది. కావాలంటే చెయ్యి పెట్టి చూడండి!"

ఎవరూ చెయ్యి పెట్టలేదు. అందరి చేతులూ అప్పటికే బానెట్టు మీద గ్లాసుల దగ్గరే ఉన్నాయి.

అత్తయ్య కళ్ళు తెరిచింది. నడుం అక్కణ్ణించి తియ్యలేదు.

"ఏమండీ, నీళ్ళ కుండలా చల్లగా ఉంటే నా నడుముకి ఇంత హాయిగా ఎందుకుంది?"

మావయ్య గబుక్కున తన గ్లాసు బానెట్టు మీంచి తీశాడు.

"నేనొచ్చి టీ తీసుకుని ఇంతసేపయింది. బానెట్టు ఇంకా కాలుతోంది. తాతా, మీ గ్లాసు?"

"వెచ్చగానే ఉందమ్మా," అన్నాడు తాత నేల చూపులు చూస్తూ.

అత్తయ్య నెమ్మదిగా ముందుకొచ్చి కిటికీలోంచి చెయ్యి పెట్టింది, తాళం వెనక్కి తిప్పింది.

గ్లాసులు వణకడం ఆగిపోయింది. ఎక్కడో ఆసుపత్రి గేటు కిర్రుమనడం వినబడింది, పిన్ని పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినబడింది. ఇంతకాలం తన చెవుల్లో హోరు బట్టల గదిదే అనుకుంది అత్తయ్య. సగం ఈ బండిది.

"అయ్యయ్యో, ఆపేశావా!" మావయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఇక స్టార్టు కాదే! బ్యాటరీ పోయింది!"

"ఎప్పుడు పోయింది?"

"చలి మొదలైనప్పుడు."

"అందుకా, ఇంటి దగ్గర బండి వాలులో పెడుతున్నారు? నీడ కోసమన్నారు."

"వాలులో వదిలితే దొర్లుతుంది, గేరేస్తే ఇంజను అందుకుంటుంది. ఇక్కడ చదును కదా, ఆపితే మళ్ళీ లేవదు. బ్యాటరీ పోయిందంటే బండే వద్దంటావని చెప్పలేదు."

"నేను పని దిగడానికి ఎంతసేపు ముందొస్తారు మీరిక్కడికి?"

పిన్నే చెప్పింది. "మధ్యాన్నం ఎండ దిగగానే వచ్చేస్తాడు వదినా. మాకూ తెలుసు. చలికాలం కదా, టీ చల్లారకుండా ఉంటోందని ఊరుకున్నాం."

అత్తయ్య వాళ్ళని ఒకసారి చూసింది. ఎవర్ని ఏమంటుంది? తన నడుమూ రోజూ అక్కడే కదా ఆనింది. టైర్లు చూశాడు, ఫిల్టర్ చూశాడు, బ్రేకు చూశాడు, ప్లగ్గులు చూశాడు. బండిలో చూడాల్సిందంతా చూశాడు. ఆగి ఉన్న బండిని మాత్రం ఎవరూ చూడలేదు. అంత చక్కగా బాగుచేసిన ఇంజను సాయంత్రమంతా నిలబడి తాగుతూనే ఉంది.

ఆమె రోడ్డు చివరికి చూసింది. కొట్టు దాటి నాలుగడుగులేస్తే గుట్ట దిగే వాలు.

"అదిగో, అక్కడే వాలుంది కదండీ. అక్కడ పెట్టి ఆపేసుకుంటే సరిపోయేది కదా, ఇన్నాళ్ళూ?"

మావయ్య అటు చూశాడు, టీకొట్టు వైపు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"అక్కడ వినేవాళ్ళు లేరుగా."

పొద్దున్నుంచీ మాట్లాడే మనిషి లేని ఇల్లు ఎలా ఉంటుందో అత్తయ్యకి ఒక్క క్షణం కళ్ళకి కట్టింది. పెట్రోలు ఎక్కడికి పోతోందో చెప్పమంది తను. ఇదిగో, చెప్పాడు. గడువులోపే.

"సరే, గ్లాసులు తియ్యండి," అంది. "రోజూ వెచ్చగా తాగారుగా, రండి, తొయ్యండి."

వాచ్‌మన్ తాత ఒకపక్క, ఎక్స్‌రే ఆయన ఒకపక్క, పొయ్యి కట్టేసి పిన్ని వెనక. మావయ్య స్టీరింగు పట్టుకుని బయట నడుస్తూ తోశాడు. అత్తయ్య మాత్రం లోపల కూర్చుని కాళ్ళు చాపుకుంది. బండి మూలుగుతూ కదిలింది. వాలు రాగానే మావయ్య చటుక్కున ఎక్కాడు.

"గేరు వెయ్యనా? అందుకుంటుంది."

"వద్దు. దిగువనేగా ఇల్లు. ఇలాగే పోనివ్వండి, మెల్లిగా."

ఇంకా కాస్త వెలుతురుంది. బండి చప్పుడు లేకుండా గుట్ట దిగుతోంది. మొదటి మలుపు దాకా మావయ్య బుద్ధిగా ఉన్నాడు. రెండో మలుపులో ఇక ఆగలేకపోయాడు.

"చూశావుటే, ఆసుపత్రి నుంచి ఇంటిదాకా ఒక్క చుక్క తాగకుండా!"

"ఈసారికి నిజమే," అంది అత్తయ్య తల వెనక్కి వాల్చి. "రేపు పాతసామాన్లాయన వస్తే ఆ బ్యాటరీ ఒక్కటి ఇచ్చి పంపండి."

అదర్రా కథ. ఏమిట్రా, చెయ్యెత్తావు? కొత్త బ్యాటరీ వేశాడా అనా? వేశాడు. అది వచ్చేదాకా టీకొట్టు పిన్ని తన బల్లనే వాలు దగ్గరికి జరిపించింది. ఇంజను ఆపి, రాయి అడ్డం పెట్టి మరీ కోతలు కోశాడు మావయ్య. టీ మాత్రం చల్లారిపోతోందని వాచ్‌మన్ తాత రోజూ సణుగుతూనే ఉండేవాడు.

ఇక లేవండి. అటు చూడండి, మీ ఇళ్ళలోంచి పిలుపులు వినబడుతున్నాయి. నేనింకా చెబుతూ కూర్చుంటే మీ కంచాల్లో అన్నం చల్లారిపోతుంది, వెచ్చబెట్టడానికి మన బడి ముందు కారు కూడా లేదు. పొండి, వేడిగా ఉండగానే పోయి తినండి.