డబ్బాలో నూనె

మధ్యాహ్నం వేళ మెకానిక్ షెడ్డు. లారీ క్యాబిన్ ముందుకు వంచి ఉంది. ఇంజను మీదికెక్కి బామ్మర్ది, కింద స్టూలు మీద బావ. పొద్దున్నుంచీ వాదించుకుని ఇద్దరికీ ఓపిక అయిపోయింది గానీ, వాదన మాత్రం అవలేదు.

"ఇంకొక్క మాట అన్నావంటే ఈ స్పానరు నీ చేతిలో పెట్టి నేను పోయి పడుకుంటా బావా."

"ఏమన్నాను రా? ఈ డబ్బా అటు పక్క బిగించమన్నాను. అంతేగా."

"అటు పక్క ఎగ్జాస్టు. ఆ వేడికి డబ్బాలో పడిన నూనె మళ్ళీ ఆవిరైపోతుంది. ఇంక డబ్బా ఎందుకు, దిష్టికా?"

"మా డ్రైవర్లంతా అటే పెట్టించుకున్నారు మరి."

"వాళ్ళ బామ్మర్దులు మెకానిక్కులు కారు."

"అదృష్టవంతులు."

"నవ్వించకు, నడుం పట్టేసి ఉంది. ఆ క్లిప్పు ఇటు అందించు."

"ఇదుగో. ఒరేయ్, ఈ డబ్బా ఏం చేస్తుందో ఇంకోసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"చెప్పరా. వింటుంటే బాగుంది."

"ఇంజను ఊపిరి వదుల్తుంది. ఆ ఊపిరితో పాటు నూనె తుంపర కూడా వస్తుంది. వచ్చింది వచ్చినట్టు ఈ గొట్టంలోంచి మళ్ళీ, ఇంజనుకి గాలి కొట్టే టర్బోలోకే పోతోంది. పోయి లోపలంతా జిడ్డు పట్టిస్తుంది. ఇప్పుడు మధ్యలో ఈ డబ్బా పెడుతున్నాం. నూనె డబ్బాలో పడిపోతుంది, గాలి ఒక్కటే లోపలికి పోతుంది. అర్థమైందా?"

"అయితే డబ్బాలో ఎంత పడితే ఇంజను అంత పాడైనట్టా?"

"అలాగే అనుకో. మంచి ఇంజను అయితే నాలుగు చుక్కలు పడతాయి. లోపల పిస్టను రింగులు అరిగిపోయాయనుకో, గ్లాసులు గ్లాసులు కక్కుతుంది."

"గ్లాసుడు పడితే బండి పని అయిపోయినట్టే?"

"అయిపోయినట్టే. నీ ఇంజనుకి అంత సీను లేదులే. అది నేను విప్పి నేను బిగించిన ఇంజను."

"అంత గ్యారంటీ ఏంట్రా నీకు?"

"అదేంటి బావా, బాగుందంటే మొహం మాడ్చుకుంటావు?"

"ఎవరు మాడ్చుకున్నారు? ఎండకి అలా ఉంది. అదిగో, మీ అక్క వస్తోంది. నోరు ముయ్యి."

"ఎవర్నండీ నోరు ముయ్యమంటున్నారు?"

"నిన్ను కాదులేవే. ఇంజనుని."

"తమ్ముడూ, దిగు. చేతులు కడుక్కుని రా, తిందువుగాని. పొద్దున్న కూడా ఏమీ తినలేదట, మీ ఆవిడ చెప్పింది."

"ఈ ఒక్క క్లిప్పు బిగించి వస్తా అక్కా."

"ఏంటది?"

"మా బావ కొత్త ముచ్చట. ఇంజనుకి డబ్బా."

"ఎందుకట?"

"ఎందుకేంటే, ఇంజను ఇంకొన్నేళ్ళు రావడానికి."

"ఇంకొన్నేళ్ళా! విన్నావురా? ఈ బండి దిగండి మహాప్రభో అని నిన్న కూడా బతిమాలాను. అటు తిరిగి పడుకున్నారు. ఇవాళ చూస్తే డబ్బా."

"మొదలెట్టింది."

"ఆపితే కదా మొదలెట్టడానికి."

"దిగి ఏం చెయ్యమంటావే? ఇంట్లో కూర్చుని బట్టలు మడత పెట్టనా?"

"పెట్టండి. చేతులేమన్నా అరిగిపోతాయా?"

"ఇదిగో, ఊరందరికీ ఒకటే మాట చెప్పాను. బండి అలిసిపోతే దిగుతాను గానీ, నేను అలిసిపోయి దిగను."

"ఆ మాట పట్టుకునే వేలాడుతున్నారు. దానికేమన్నా కాళ్ళా, కళ్ళా, ఆ బండికి? అలిసిపోయానని అదెలా చెప్తుంది?"

"చెప్తుంది. అందుకేగా డబ్బా. సరే, ఇవాళ తేల్చేద్దాం. బండి లోడు మీదే ఉంది. కొండ రోడ్డు ఎక్కి దిగి వస్తాను. వచ్చాక నీ తమ్ముడు డబ్బా విప్పుతాడు. గ్లాసుడు నూనె పడిందా, ఇంజను పోయినట్టు. అక్కడికక్కడ దిగిపోతా. నాలుగు చుక్కలే పడ్డాయా, నువ్వింక జన్మలో నోరెత్తకూడదు."

"ఎత్తను. ఒట్టేనా?"

"ఒట్టే. ఏరా, సాక్షివి నువ్వే."

"బాబూ, మీ మధ్యలోకి నన్ను లాగకండి."

"మధ్యలో ఉన్నది నువ్వు కాదు, డబ్బా. ఉండండి, మొహం కడుక్కుని వస్తా."

ఆయన కుళాయి వైపు వెళ్ళిపోయాడు. అక్క తిండి గిన్నెలు విప్పలేదు, అలాగే పట్టుకుని నిలబడింది.

"ఒరేయ్, ఆ డబ్బాలో నూనె పొయ్యి."

"ఏంటి?"

"గట్టిగా అరవకు. ఆ పీపాలో పాత నూనె ఉందిగా. ఒక గ్లాసుడు పొయ్యి. తిరిగొచ్చాక విప్పి, పోయిందని చెప్పు."

"నీకేమన్నా పిచ్చా అక్కా?"

"పిచ్చే. ఈమధ్య ఇంటికెలా వస్తున్నారో తెలుసా? బండి ఆపుతారు, ఇంజను ఆపుతారు, దిగరు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంటారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటాను. ఎంతసేపటికో దిగుతారు. దానిమీద అంత ప్రాణం. నామీద ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి."

"ఊరుకో అక్కా."

"ఇన్నాళ్ళూ ఊరుకునే ఉన్నాను. ఫోను మోగితే చాలు, ఎత్తాలంటే భయం. అవతల ఎవరో, మీ ఆయన బండి ఫలానా చోట... అంటారేమోనని. ఆయన రోడ్డు మీద ఉంటే నేనూ రోడ్డు మీదే ఉంటాను రా, ఇంట్లో మంచం మీద పడుకుని. నాకింక చేతకావట్లేదు."

"నాకు తెలీదా నీ సంగతి? కానీ ఆ ఇంజను బంగారంలా ఉందక్కా. దాన్ని పోయిందని ఎలా చెప్పను? బండి రేపిస్తా, ఎల్లుండి ఇస్తా అని కస్టమర్లకి నోటికొచ్చిన అబద్ధం చెప్తాను. ఇంజను గురించి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు."

"నీకు ఇంజను ఎక్కువా, అక్క ఎక్కువా?"

"అలా అడక్కు."

"అడుగుతున్నా."

"బావ వస్తున్నాడు. గిన్నె మూత తియ్యి."

"ఏరా, అయిందా? క్యాబిన్ దించేయనా?"

"దించేయి బావా. నేను కూడా వస్తా పద, గొట్టం ఎక్కడన్నా ఊడుతుందేమో చూస్తా."

"నువ్వెందుకు? తిని కాస్త నడుం వాల్చు. నేనొక్కణ్ణే వెళ్తా."

"తోడుంటే మంచిదిగా."

"ఒక్కణ్ణే వెళ్తా అన్నానా?"

"సరే, సరే. ఆ అరుపెందుకు?"

లారీ షెడ్డు దాటి వెళ్ళిపోయింది.

"వెళ్ళారు... ఏరా, పోశావా?"

"ముందు తిననివ్వు అక్కా."

"పోశావా లేదా?"

"సాయంత్రం చూద్దాం అన్నాగా."

"అనలేదు."

"ఇప్పుడంటున్నా."

పొద్దు వాలాక లారీ తిరిగొచ్చింది. మళ్ళీ క్యాబిన్ వంచారు. అక్క చేతిలో గాజు గ్లాసు. కాస్త పక్కగా, గోడకు చెయ్యి ఆనించుకుని బావ.

"గ్లాసు సరిగ్గా పట్టుకో అక్కా. కింద ట్యాపు తిప్పుతున్నా."

"పడుతోందా?"

"పడుతోంది. ఉండు... ఇంకా పడుతోంది."

"నిండిపోతోంది రా!"

"చెప్పానా? పోయింది. ఇంజను పోయింది. ఇన్నేళ్ళు మోసింది పాపం, దాన్ని మాత్రం ఏమనగలం? ఇదుగోనే తాళాలు, పట్టుకో. మాటంటే మాటే. దిగిపోయా."

"అంత తొందరేంటి బావా? నన్ను చూడనీ."

"చూసేదేముంది? గ్లాసుడు పడితే అయిపోయినట్టేనని నువ్వేగా అన్నావు?"

"అన్నాను. నువ్వు లోపల నా కుర్చీలో కూర్చో. మొహమంతా పీక్కుపోయింది. అక్కా, నువ్వొకసారి ఇటు రా. ఆ గ్లాసు కూడా తీసుకురా."

"నా తండ్రే, నా మాట నిలబెట్టావు రా తమ్ముడూ. నీ కడుపు చల్లగా..."

"మెల్లగా. పోస్తే పోశావు, కొత్త నూనె ఎందుకు పోశావు? ఇంజను కక్కింది నల్లగా ఉంటుంది, మాడు కంపు కొడుతుంది. ఇది చూడు, తేనెలా ఉంది. అవతల్నుంచి నీ వేళ్ళు కనిపిస్తున్నాయి. చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు."

"నేను పొయ్యడమేంటి? నువ్వు పోశావనేగా నేను..."

"నేను పొయ్యలేదు."

"నిజం చెప్పు."

"నీమీద ఒట్టు. పొయ్యడానికి నాకు మనసొప్పలేదు. నువ్వే నాకు తెలీకుండా పోశావనుకున్నా."

"నాకు ఆ డబ్బా మూత ఎటు తిరుగుతుందో కూడా తెలీదు కదరా."

"మరి మధ్యాహ్నం నుంచీ బండి ఎవరి దగ్గరుంది?"

"ఆయన దగ్గర..."

"సీటు వెనకాల కొత్త ఆయిలు డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పొద్దున నేనే చూశా, సీలు తియ్యలేదు. ఇప్పుడు మూత జిడ్డుగా ఉంది."

"ఆయనెందుకు పోస్తారు రా? దిగను దిగనని నా ప్రాణాలు తోడేసిన మనిషి!"

"అదే నాకూ అంతుపట్టట్లేదు. ఇంకోటి చెప్పనా? చక్రం దగ్గర బ్రేకు డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూశా. లోడు బండి కొండ దిగి వస్తే చెయ్యి చుర్రుమనాలి. చల్లగా ఉంది."

"అంటే కొండకి వెళ్ళలేదా?"

"ఎక్కడో నీడన ఆపుకుని కూర్చున్నాడు సాయంత్రం దాకా."

"వద్దులే, ఇంకేం అడక్కు. ఎందుకు చేస్తేనేం, తాళాలు నా చేతికిచ్చారు. అడిగావంటే రోషం వచ్చి మళ్ళీ ఎక్కుతారు. పోయిందని చెప్పెయ్ రా, నీకు దణ్ణం పెడతా."

"ఏంటక్కడ అక్కాతమ్ముళ్ళ గుసగుసలు? పోయిందా లేదా?"

"పోలేదు బావా."

"ఒరేయ్..."

"ఉండక్కా. బావా, ఇంజను శుభ్రంగా ఉంది. ఈ నూనె ఇంజనుది కాదు, సీటు వెనకాల డబ్బాది. కొండ కూడా ఎక్కలేదు నువ్వు."

"ఎవరు చెప్పారు?"

"నీ బ్రేకులు చెప్పాయి."

"నీ అంత తెలివైనవాణ్ణి బామ్మర్దిగా చేసుకోవడం నాదే బుద్ధి తక్కువ."

"ఆ మాట పొద్దున్నే అనేశావు గానీ, ఎందుకు చేశావో చెప్పు. దిగాలని ఉంటే దిగుతానని అనొచ్చుగా. అక్క కాళ్ళా వేళ్ళా పడుతోంది, ఎగిరి గంతేసేది."

"ఎందుకు దిగుతున్నావని అడుగుతారుగా."

"అలిసిపోయానని చెప్పు. ఎవరు కాదన్నారు?"

"అలుపైతే పడుకుంటే తీరుతుంది రా. ఏమే, నువ్వెళ్ళి కాస్త మంచినీళ్ళు పట్రా."

"నేనెక్కడికీ వెళ్ళను. ఏదో నా ముందే చెప్పండి."

"చెప్పు బావా."

"కుడి కాలు."

"ఏమైంది కాలికి?"

"ఏమీ అవలేదు. చూడు, బాగానే ఉంది. నీకు కనిపిస్తోంది, మీ అక్కకి కనిపిస్తోంది. నాకు మాత్రం చూస్తేనే తెలుస్తోంది, చూడకపోతే లేనట్టే. గిచ్చినా తెలీదు, కాల్చినా తెలీదు."

"అయ్యో! ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఎండాకాలం ముందు నుంచి. మొదట్లో బండి దిగి కాసేపు రుద్దుకుంటే వచ్చేది. ఇప్పుడు రావట్లేదు."

"నాతో ఒక్క మాటన్నా అనలేదే!"

"ఏమని చెప్పనే? డ్రైవరు కాలు పోయిందంటే ఇంక డ్రైవరు ఎవడు? బండే పోయిందంటే మర్యాదగా ఉంటుంది కదా అనుకున్నా."

"మరి ఇన్నాళ్ళూ ఎలా నడిపావు బావా? బ్రేకు ఎలా తొక్కావు?"

"వంగి చూసుకుని."

"వంగి..."

"కాలు బ్రేకు మీద ఉందో, పక్కన ఉందో, వంగి చూసుకుని తొక్కుతున్నా. ఇవాళ కొండ కింద దాకా వెళ్ళి ఆగిపోయా. నేను కాలు చూసుకుంటూ ఉంటే రోడ్డెవరు చూస్తున్నార్రా?"