ఎండిన చెట్లకు మందు

గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్న ఆమె, మొగుడు కొట్టమంతా వెతకడం చూస్తూనే ఉంది.

"పురుగుల మందు డబ్బా యాడ పెట్టినావే?"

"మా అక్కింట్లో దాచినా. ఎందుకు?"

"చీనీ చెట్లకు కొట్టల్ల."

"బోరెండి అవి మాడిపోతే, పోయిన ఎండాకాలమే కొట్టేసి కట్టెలకు అమ్మినాం గదయ్యా."

ఆమె చాట పక్కకు జరిపింది.

"తిండి లేదు, నిద్ర లేదు. మనసు బాగలేనోళ్లను చూసే డాక్టరు అనంతపురంలో ఉండాడు. రేపు పోదాం."

"ఊళ్లో పిచ్చోడంటారు."

"అననీ. పిచ్చోని పెండ్లామా అని పిలిస్తే పలుకుతా. ముండమోసిందంటే పలకలేను."

"డాక్టరుకు ఏమని చెప్పల్ల?"

"ఆ మందు ఎవరి కోసం వెతికినావో చెప్పు. ముందు నాకు చెప్పు."

అతను గోడకానుకుని కూలబడ్డాడు.

"నాకే," అన్నాడు.