కోత మిషనాయన పెట్టిన పేర్లు

ఆ చెక్క సామాన్ల కార్ఖానాలో కోత మిషనాయన పొద్దుటి నుంచీ చెక్కలు కోస్తాడు, టీ వేళకి మిగతావి కోస్తాడు. కొత్తగా చేరినవాళ్లకి పేరు పెట్టేదీ ఆయనే. వారం తిరగ్గానే టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఏదో ఒకటి తగిలిస్తాడు. ఇక కన్నవాళ్లు పెట్టిన పేరు ఇంటిదగ్గర పడి ఉండాల్సిందే.

పాలిష్ పనికి చేరిన అమ్మాయికి ఆ రోజు వారం నిండింది. పాత చోట ఆమెను జిడ్డు అనేవారు. ఏది చూసినా ఎందుకు, ఎలా అని అడగడం ఆమె గుణం. ఆ పేరు పడ్డాక నోరు మూసుకుంది. అడక్కుండా కలిపిన పాలిష్‌తో ఎవరిదో భోజనాల బల్ల పాడుచేసి, పని పోగొట్టుకుంది. ఇక్కడా అదే పేరు పడితే మళ్లీ నోరు కుట్టేసుకోవాలి, అప్పుడు ఈ పనీ పోతుంది. అందుకే వారమంతా భయం భయంగా పెదవులు బిగించుకుని తిరిగింది.

"పేరంటే ఊరికే పిలుపనుకున్నావా అమ్మాయ్," అని టీ కొట్టు బల్ల మీద అందరి మధ్యా మొదలుపెట్టాడాయన. "గేటు దగ్గర కాపలావాడున్నాడే, ఒకప్పుడు కూర్చుంటే కునుకు. గద్ద అని పెట్టాను. అంతే, ఆ రోజు నుంచీ రెప్ప వేస్తే ఒట్టు. అదేం పెద్ద విషయం కాదులే. బిగింపు పనికి ఒక పొట్టివాడొచ్చాడు, స్టూలెక్కితే గానీ అలమారా తలుపు పై బందు అందేది కాదు, వాడికి నిచ్చెన అని పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెల తిరిగేసరికి స్టూలు మూలన పడింది, ఇంకో నెలకి గుమ్మంలోంచి వంగి రావాల్సొచ్చింది, ఆ పైన వీధి దీపాలు మార్చడానికి వాణ్ణే పట్టుకుపోయేవారు."

"మరి చొక్కాలెలా?" అందామె, ఆపుకోలేక.

"కిటికీ తెరలతో కుట్టించాం."

"ఇప్పుడెక్కడున్నాడు బాబాయ్?"

"బాగా పైకొచ్చాడమ్మా. కనిపించినంత వరకూ చూశాం, ఆ పైన మబ్బు పట్టేసింది."

టీ కొట్టామె గ్లాసులు కడుగుతూ, "మా చెవుల్లో పూలు వాడిపోతున్నాయి, కానివ్వు అన్నయ్యా," అంది.

ఆయన కానిచ్చాడు. చెవుడున్న లారీ డ్రైవరుకి పాముచెవులని పెడితే, అతనికి బంక ఆరే చప్పుడు కూడా వినిపించసాగిందట. పక్క వీధిలో ఎవరైనా అబద్ధమాడబోతే, వాళ్లు నోరు తెరవకముందే తెలిసిపోయేదట. అసలు ఊళ్లో జనం మాట్లాడే మాటలే తన చలవన్నాడు. టోపీ పెట్టడమనే మాట తను పుట్టించకముందు, మోసపోయినవాడు ఏమనాలో తెలియక నడివీధిలో ఊరికే నిలబడిపోయేవాడట. హ్యాండివ్వడం, చెక్కేయడం, బిస్కెట్ అవడం, అన్నీ ఈ బల్ల మీదే పుట్టి, లారీలెక్కి, ఓడలెక్కి, మన భాష రానివాళ్ల నోళ్లలో కూడా పడ్డాయట.

"అంతెందుకు, మనిషిని పట్టుకుని జిడ్డు అన్నదీ మొదట నేనే," అన్నాడు.

అమ్మాయి చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఎవర్ని బాబాయ్?" అంది. అక్కడితో ఆగలేకపోయింది. ఎప్పుడన్నారు, ఎందుకన్నారు, ఆ మనిషి బాధపడలేదా, తర్వాత ఎక్కడికి పోయాడు అని వరసగా అడిగేసింది. నిచ్చెన చొక్కాకి తడుముకోని మనిషి ఇక్కడ నీళ్లు నమిలాడు.

"నీకెందుకింత ఆరా? పాత చోట నిన్నేమనేవారేంటి?" అన్నాడు చివరికి.

ఆమెకి అబద్ధం చేతకాదు. "జిడ్డు," అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, నా మాట లోకమంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఇక్కడా అదే ఖాయం," అన్నాడు. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

టీ కొట్టామె చేతులు తుడుచుకుంది. "ఆ పేరు ఖాళీ లేదన్నయ్యా. మీ కార్ఖానాలోనే ఒకరికి పెట్టి చాలా ఏళ్లయింది. అమ్మాయికి వేరేది చూడు."

బల్ల మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా టీ గ్లాసుల్లోకి చూడసాగారు.

"నాకు తెలియకుండానా? ఎవరికి?" అన్నాడాయన. పెట్టిందెవరన్నాడు, ఎందుకు పెట్టారన్నాడు. పనుందంటూ లేవబోయిన వడ్రంగిని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, "చెప్పకుండా ఎక్కడికిరా, ఎవరికి పెట్టారో చెప్పి కదులు," అని నిలదీశాడు.

అమ్మాయి మాత్రం గ్లాసు చాటున నవ్వుకుంది, ఇంకేమీ అడగలేదు.