ఇంకో ఏమండీ

భవానీపురం, ఆదివారం పొద్దున. పెళ్ళాం పిలిచీ పిలవగానే పేపరు పడేసి వంటింట్లోకి వచ్చినందుకు జయకృష్ణకి తన మీద తనకే ముచ్చటేసింది. భానుశ్రీ మాత్రం చేతిలో ఫోను చటుక్కున చున్నీ చాటుకి తోసింది.

"ఏమండీ అన్నావుగా, వచ్చాను. ఏంటి?"

"మిమ్మల్ని కాదండీ."

"నన్ను కాదా? ఇంట్లో ఇంకో ఏమండీ ఎవరే?"

"ఎవరూ లేరు. మీరెళ్ళి పేపరు చదువుకోండి, ఇడ్లీ అవగానే పిలుస్తా."

"ఆ ఫోను దాస్తావేం? ఎవరది?"

"ఐవీఎఫ్ హాస్పిటల్ వాళ్ళ యాప్ అండీ బాబూ. ఇంజెక్షన్ల టైము గుర్తు చేస్తుందే, అదే. ఏదైనా డౌటొచ్చి అడిగితే ఏఐ జవాబు చెప్తుంది."

"దాన్ని ఏమండీ అంటావా?"

"పిలవడానికి ఏదో ఒక పేరు పెట్టుకోమంది. నాకేం తోచలేదు. నోటికి అలవాటైన మాటేగా అని..."

"నా పిలుపు తీసుకెళ్ళి దానికి పెట్టావా! మరి అది నిన్నేమంటుంది?"

"భానుగారూ అంటుంది."

"గారూ! మగ గొంతా?"

"ఆడ గొంతు పెడితే అత్తయ్యగారు ఆరా తీస్తున్నట్టే ఉందండీ. మార్చేశాను. పైగా ఇది ఒక్క పిలుపుకే పలుకుతుంది."

"నేను పలకనా? ఇప్పుడు రాలేదూ?"

"వచ్చారు. పిలవని రోజు చూసుకుని వచ్చారు."

"సరేలే. ఏం మాట్లాడతావ్ దాంతో అంతసేపు?"

"ఏముంటాయండీ... కడుపు ఉబ్బరంగా ఉంటే మామూలేనా అని. భయమేస్తే..."

"భయమేస్తే నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పాను. 'పిచ్చా నీకు, ఏం కాదు, పడుకో' అన్నారు."

"ధైర్యం చెప్పానే!"

"అది, దేనికి భయం అని అడిగింది."

"అడుగుతుంది, దానికేం పనీపాటా! నాకలాగా? పిండాల ఫొటోలు చూసి మంచిది ఏదో ఎంచింది కంప్యూటరేనని డాక్టరమ్మ చెప్తే మురిసిపోయావ్. బిడ్డని ఎంచేది అది, సూది టైము చెప్పేది అది, నీ భయాలు వినేదీ అదే. మరి నేనెందుకే? హాస్పిటల్ ముందు కారు పెట్టడానికా?"

"అరవకండి. పక్కింటి రమాసుందరిగారు వింటారు."

"విననీ!"

"కుళ్ళండీ మీకు."

"అవును, కుళ్ళే! ఫోను మీద కుళ్ళు! నవ్వకు. ఇందాక ఏమడిగావ్ దాన్ని? అది చెప్పు ముందు."

"ఏం లేదు. ఇడ్లీలోకి నువ్వుల కారప్పొడి వేసుకోవచ్చా అని."

"నువ్వుల పొడికి దాని పర్మిషన్ ఏంటి? రోజూ తినేదేగా... ఆగు. రిపోర్టు రేపు కదూ?"

"ఇడ్లీ దించాలి, తప్పుకోండి."

"భానూ. రేపేగా రిపోర్టు?"

"శుక్రవారమే వచ్చిందండీ."

"వచ్చి? చెప్పవే!"

"నిలబడింది."

"నిలబడిందా! నిజంగానా? అమ్మ భానూ... ఆగాగు. శుక్రవారం వచ్చిందా? దానికి శుక్రవారమే తెలుసా?"

"తెలుసు."

"నాకంటే ముందు! నా బిడ్డ సంగతి నాకు చెప్పకుండా ఆ యాప్‌కి చెప్పావా?"

"కిందటిసారి మీకే చెప్పాను ముందు. మీరు కంకిపాడులో మీ అమ్మగారికి ఫోన్ చేశారు. అత్తయ్యగారు మా అమ్మకి చేశారు. మా అమ్మ మూడో నెల దాకా ఆగలేక చలిమిడి చేసి పట్టుకొచ్చేసింది. ఆ డబ్బా ఖాళీ కాకుండానే పోయిందండీ నాకు."

"సంతోషం పట్టలేక చెప్పానే. కావాలని చేశానా?"

"తెలుసు. ఓదార్చడానికని అందరూ వచ్చారు. మీరేమో మేడెక్కి కూర్చున్నారు. నడుం పట్టుకుని వాళ్ళందరికీ కాఫీలిచ్చింది నేను."

"అదీ... నాకు ఎవరి మొహం చూడబుద్ధి కాలేదే."

"నాకు మాత్రం అయిందా?"

"సరే, తప్పే. కానీ దాన్ని తీసెయ్. ఇప్పుడే, నా కళ్ళ ముందు తీసెయ్. మొగుడికి చెప్పకుండా దాచుకోమని నేర్పిందా నీకు?"

"అయ్యో, లేదండీ. 'మీవారికి చెప్పారా' అని శుక్రవారమే అడిగింది. నిన్న మళ్ళీ అడిగింది."

"అడిగిందా? నా గురించా?"

"మీ గురించే."

"మరి నువ్వేమన్నావ్?"

"చెప్పానన్నాను."

"ఫోనుతో కూడా అబద్ధమా?"

"మరేం చెప్పను? చెప్పగానే మీరు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుండిపోయారన్నాను. ఎవరికీ ఫోన్ చెయ్యలేదని, నాతో పాటే ఏడ్చారని, ఆ రోజంతా ఇల్లు కదల్లేదని... అన్నీ చెప్పాను."

"అదేమంది?"

"'మీరు అదృష్టవంతులు భానుగారూ' అందండీ."