ఆ ముప్పై ఎనిమిది మంది గురించి అడిగిన ఉషారాణి గారు

1988 జూలై 4వ తేదీన మన ట్రస్టు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరిన శ్రీమతి గొర్లె ఉషారాణి గారు, ముప్పై ఏడు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం, ఈ జూలై 31న అదే హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ‘అదే హోదాలో’ అన్న మాటను తొలగించమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం సూచించింది. వారు ఆ హోదాలోనే మిగిలిపోవడానికి కారకుణ్ణి శస్త్రచికిత్స విభాగాధిపతినైన నేనే కనుక, ఆ మాటను ఉంచమని కోరాను.

ఇక్కడి రైల్వే లోకో షెడ్డు ఫిట్టరు కుమార్తె అయిన వారు విజయనగరంలో నర్సింగ్ విద్య ముగించి, మన బిలాస్‌పూర్‌కు తిరిగివచ్చి, తొలుత ప్రసూతి వార్డులోను, 1997 నుంచి డ్రెస్సింగ్ గదిలోను సేవలందించారు. చుట్టుపక్కల తఖత్‌పూర్ నుంచి, కర్గీ రోడ్ నుంచి వచ్చే మధుమేహ రోగుల కాలిపుండ్లను శుభ్రపరచడంలో వారికి సాటి రాగలవారు ఇక్కడ లేరు. మేము చదివి పక్కన పడేసిన వైద్య పత్రికలను ఇంటికి తీసుకువెళ్ళి, నిఘంటువు దగ్గర పెట్టుకుని, సారాంశం వదిలేసి పట్టికలతో చదవడం మొదలుపెట్టేవారు. ఒకనాడు వారి అత్తగారు “ఏటే ఉషా, ఈ వయసులో మళ్ళీ పరీచ్చలా?” అని అడిగితే, “పరీక్ష నాకు కాదత్తా, రాసినోళ్ళకి” అన్నారట.

2016 ఫిబ్రవరిలో, ప్రతివారం జరిగే పత్రికా పఠన సమావేశంలో, కాలిపుండ్లకు వాడే ఒక కొత్త జెల్‌పై వచ్చిన వ్యాసాన్ని నేను సమర్పించాను. నూటికి తొంభై మందికి పుండు మానిందని దాని సారాంశం. చివరి వరుసలో ఉషారాణి గారు లేచారు.

“సార్, నూట ఇరవై మంది చేరారు. ఎనభై రెండు మందినే లెక్కేశారు. మిగతా ముప్పై ఎనిమిది మంది ఏటయ్యారు?”

“మధ్యలో రావడం మానేసి ఉంటారు, సిస్టర్.”

“అందరూ కాదు సార్. నాలుగో పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంది. పదిహేడు మందికి కాలు తీసేశారు. ఆళ్ళని తప్పించి మిగిలినోళ్ళకి మానిందంటే ఎలా సార్?”

నేను సారాంశం మాత్రమే చదివి వచ్చాను. అది బయటపడుతుందన్న భయంతో, “మీ పని కట్టు కట్టడం. అది చూసుకోండి” అన్నాను. కొందరు నవ్వారు. వారం తిరక్కుండా వారి సర్వీసు పుస్తకంలో ‘క్రమశిక్షణ లేదు’ అని రాసి, దుప్పట్లు సర్దే లినెన్ గదికి మార్చాను.

ఆ వేసవిలో మోప్కా నుంచి పైడిరాజు గారనే విశ్రాంత రైల్వే గ్యాంగ్‌మన్ కాలి చిటికెనవేలి మీద పుండుతో వచ్చారు. చచ్చిన కండ కోసి శుభ్రం చేయవలసింది పోయి, పదకొండు వారాలు ఆ జెల్ రాయించాను. చివరకు మోకాలి కింద కాలు తీసేశాం.

“ఏటి బావూ, మానిపోద్దన్నావు కదా?” అని ఆయన భార్య అచ్చియమ్మ గారు అడిగారు.

“పదిమందిలో ఒకరికి ఇలా అవుతుందమ్మా” అన్నాను.

ఆ సాయంత్రం తలుపు వేసుకుని నాలుగో పట్టిక చదివాను. మరునాటి నుంచి జెల్ తెప్పించలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళ తరువాత, సిబ్బంది కొరత పేరు చెప్పి, ఉషారాణి గారిని డ్రెస్సింగ్ గదికి రప్పించాను. సర్వీసు పుస్తకంలో నేను రాసిన మాట మాత్రం అలాగే ఉండిపోయింది. దాని మూలంగా వారికి రావలసిన మేట్రన్ పదవి రెండుసార్లు చేజారింది.

గత నెల, ఆ మాటను రద్దు చేయిస్తానని వారి వద్దకు వెళ్ళాను.

“ఇప్పుడేటికి సార్? నాకు కాదు, మోప్కా వెళ్ళి పైడిరాజు గారి ఇంట్లో చెప్పండి” అన్నారు.

వెళ్ళాను. పైడిరాజు గారు ఈ మార్చిలోనే కాలం చేశారు. అచ్చియమ్మ గారు కుర్చీ వేసి, నేను చెప్పినదంతా విన్నారు.

“అచ్ఛా. ఇదంతా సిస్టరమ్మ అప్పుడే చెప్పింది బావూ. ఆదివారం ఆదివారం వచ్చి ఆ రెండో కాలు సూసీది. అది ఆకరిదాకా నిలబడింది. డాకటరు బావు ఓపాలి వచ్చి చెప్తే బాగున్ను అని మా ఆయన అనీవోడు. ఆలీసంగా వచ్చినావు.”

రద్దు ఉత్తర్వు ఇంకా రాలేదు. జూలై 31 దాటాక వచ్చినా దానితో వారికి ప్రయోజనం లేదు. ఆశీర్వదించే అర్హత నాకు లేకపోయినా, ఉషారాణి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, దీర్ఘాయుష్కులై, తాము అడిగిన ప్రశ్నను విని జవాబు చెప్పే మనుషుల మధ్య నిండు నూరేళ్ళు జీవించాలని కోరుకుంటున్నాను. మా మధ్య గడిపిన ముప్పై ఏడేళ్ళలో వారికి ఆ గౌరవం దక్కలేదు.

— డాక్టర్ జానకిరామ్